సర్వహక్కులు ఎవరివో చదవడం నేర్పండి: ఆంగ్ల శాఖల పాఠ్య ప్రణాళికా సంఘాలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఆంగ్ల శాఖల బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్ల అధికారులకు. తెలుగు అకాడమి వారికి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. మీలో కొందరు నాకు పాత సహోద్యోగులు, ఒకరిద్దరు శిష్యులు కూడా. ఆ చనువును పక్కనపెట్టి మామూలు పౌరుడిగానే ఈ లేఖ రాస్తున్నాను. ఎం.ఏ. ఇంగ్లీషులో ఆంగ్ల భాషా చరిత్రను నిలపాలని, దానితోపాటు ప్రచురణ చట్టం (కాపీరైట్, ఒప్పందాలు, పరువు నష్టం వంటివి) నేర్పాలని మా ప్రాంతపు విశ్వవిద్యాలయానికి రెండుసార్లు రిజిస్టర్డ్ పోస్టులో విజ్ఞాపన పంపాను. మొదటిసారి అందినట్టు రసీదు మాత్రం తిరిగి వచ్చింది, రెండోసారి అదీ లేదు. ఆ తర్వాత స్వయంగా వెళ్లి అడిగితే, అక్కడి పెద్దలొకరు కాఫీ ఇప్పించి, "భాషా చరిత్ర ఇప్పుడెవరికి కావాలి మాస్టారూ? ప్రచురణ చట్టం సంగతి లా కాలేజీ వాళ్లు చూసుకుంటారు" అని మర్యాదగానే సాగనంపారు. ఈ లేఖ ఆ మాటకు నా జవాబు.

ఎం.ఏ. ఇంగ్లీషులో ఆంగ్ల భాషా చరిత్ర పేపరును ఐచ్ఛికం చేసి, ఆ గంటలను సంభాషణ నైపుణ్యాలకు ఇవ్వాలన్న ప్రతిపాదన అక్కడ నడుస్తోంది. ప్రచురణ చట్టం మాత్రం నేను చదువుకున్న రోజుల్లోనూ లేదు, చెప్పిన రోజుల్లోనూ లేదు, ఇప్పుడూ లేదు. ఒకటి పాత సామానని, రెండోది పరాయి సామానని తోసేస్తున్నారు. నా అనుభవంలో ఈ రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద ఉండవలసినవి. అదెలాగో ముందు ఒక ఉదంతంతో చెబుతాను.

రెండేళ్ల క్రితం నా పాత విద్యార్థి ఒకడు నాలుగు పేజీల ఇంగ్లీషు అగ్రిమెంటు పట్టుకుని ఇంటికి వచ్చాడు. అనువాదాలు చేస్తుంటాడు. అంతకు ఏడేళ్ల ముందు ఒక అనువాదానికి ఆరు వేల రూపాయలు తీసుకుని దాని మీద సంతకం పెట్టాడు. ఆ అనువాదాన్ని మరొకరు మళ్లీ అచ్చువేస్తామన్నారట. అతను అడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది: "మాస్టారూ, ఇందులో నేను అమ్మేశానని ఉందా, అద్దెకిచ్చానని ఉందా?" భాషా చరిత్ర పేపరులో అతనికి డెబ్బైకి పైగా మార్కులు వచ్చాయి. భాషలో ధ్వనులు ఎలా మారాయో చెప్పే గ్రిమ్ సూత్రం, వెర్నర్ సూత్రం, అచ్చుల మహా పరివర్తనం, అన్నీ గైడులో చూసి కంఠతా పట్టినవాడే. అయినా అగ్రిమెంటు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. "దిస్ ఇండెంచర్ విట్నెసెత్" అన్న ఆ మాటల్లో ఏదో పెద్ద మెలిక ఉందని భయపడ్డాడు.

మెలిక ఏమీ లేదు. ఆ చివరి "ఎత్" పాత ఇంగ్లీషు క్రియా ప్రత్యయం. మామూలు మాటల నుంచి ఎప్పుడో పోయింది, దస్తావేజుల్లో మాత్రం మిగిలిపోయింది. ఆ వాక్యానికి అర్థం "ఈ పత్రం సాక్ష్యమిస్తున్నది" అని మాత్రమే. ఇండెంచర్ అంటే ఒకప్పుడు ఒకే తోలు పత్రం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో పళ్లపళ్లగా కోసి, చెరొక ముక్క పంచుకునేవారు. తగాదా వస్తే రెండు ముక్కల పళ్లూ కలిపి చూసేవారు. లాటిన్‌లో పన్ను అనే మాట నుంచి వచ్చిన పేరు అది. ఆ లాటిన్ మాటా, మన "దంతం", ఇంగ్లీషు "టూత్" ఒకే తల్లి బిడ్డలు. అక్కడి "ద" ఇంగ్లీషులో "ట" కావడం గ్రిమ్ సూత్రం చెప్పే మార్పే. గైడులో గ్రిమ్ సూత్రం వట్టిపోయిన నాలుగు లైన్లుగా చదివిన కుర్రాడికి, తన అగ్రిమెంటు మొదటి లైనులోనే ఆ సూత్రం నిలబడి ఉందని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఆ తప్పులో నా వాటా నాకుంది.

తర్వాతి వాక్యంలో రచయిత తన హక్కులను "సెల్, అసైన్, ట్రాన్స్‌ఫర్ అండ్ కన్వే" చేస్తున్నాడని ఉంది. అవి నాలుగు వేర్వేరు హక్కులనీ, నాలుగూ పోయాయనీ అతను అనుకున్నాడు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక రాజసభలోనూ కోర్టుల్లోనూ ఫ్రెంచి వచ్చి కూర్చుంది, శాసనాలకు లాటిన్ ఉండనే ఉంది, జనం మాత్రం ఇంగ్లీషే మాట్లాడారు. అందువల్ల న్యాయవాదులకు ఒక ఇంగ్లీషు మాట పక్కన ఒక ఫ్రెంచి మాటో లాటిన్ మాటో తోడు పెట్టే అలవాటు ముదిరింది. "విల్ అండ్ టెస్టమెంట్", "గూడ్స్ అండ్ చాటెల్స్" అలా వచ్చిన జంటలే. పై నాలుగింటిలో మొదటిది అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, మిగతా మూడూ ఫ్రెంచి, లాటిన్ దారిలో వచ్చాయి. ఆ వాక్యంలో నాలుగూ చేసే పని దాదాపు ఒక్కటే.

మనకు ఇది కొత్తేమీ కాదు. ఫిర్యాది, ముద్దాయి, వకాలతు, జప్తు, దస్తావేజు అని మన కోర్టు మాటలెన్నో పారశీ, అరబ్బీల నుంచి దిగినవే. మన పుస్తకాల రెండో పేజీలో వేసే "సర్వహక్కులు" అన్న మాటనే చూడండి. "సర్వ" సంస్కృతం, "హక్కు" అరబ్బీ. ఇంగ్లీషు వకీళ్లు చేసిన జోడింపునే మన ముద్రాపకులు ఒక్క మాటలో చేసేశారు.

భాషా చరిత్ర అక్కడిదాకా తీసుకొచ్చింది. "అమ్మేశానా, అద్దెకిచ్చానా" అన్న ప్రశ్నకు జవాబు మాత్రం చట్టంలో ఉంది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతంలో, రాయల్టీ గాని ఇతర ప్రతిఫలం గాని ఎంత అన్నవి అందులో చెప్పాలి. కాలం చెప్పకపోతే ఐదేళ్లు మాత్రమే. ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. అతని అగ్రిమెంటు నాలుగు పేజీలూ గాలించినా కాలం ఎక్కడా లేదు. అంటే అతను నా దగ్గరికి వచ్చేనాటికి రెండేళ్ల ముందే ఆ హక్కు అతనికి తిరిగి వచ్చేసింది. తెలియక రెండేళ్లు ఊరుకున్నాడు. ఒక చిన్న ఉత్తరంతో హక్కుల సంగతి తేలిపోయింది, ఆ రెండేళ్లలో అమ్ముడైన ప్రతుల లెక్క ఇంకా తేలలేదు. ఆరు వేల రూపాయల మనిషికి ఆ లెక్క చిన్నది కాదు.

ఈ చదువు లేకపోవడం వల్ల మామూలు జనం ఎక్కడెక్కడ దెబ్బ తింటున్నారో, నేను చూసినవి కొన్ని తమ ముందు ఉంచుతున్నాను.

1. తెలుగు మాధ్యమం నుంచి వచ్చే పిల్లలకు ఇంగ్లీషు స్పెల్లింగు ఒక శిక్షగా మిగిలిపోతోంది. "డెట్" అనే మాటలో "బి" ఎందుకుందని ఒక అమ్మాయి అడిగితే, ఉద్యోగంలో చేరిన కొత్తలో "ఉంది కాబట్టి రాయమ్మా" అన్నవాణ్ని నేను. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాటలో "బి" లేదు. లాటిన్ మూలం గుర్తుండాలని పండితులు తర్వాత తెచ్చి ఇరికించారు. "నైట్" అనే వీరుడి మాటలో ముందున్న "కె" ఒకప్పుడు పలికేదే. ఇంగ్లండు తొలి ముద్రాపకుడు కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణశాల పెట్టాక అచ్చు అక్షరాలు స్పెల్లింగును క్రమంగా బిగించాయి, నోళ్లు మాత్రం మారుతూ పోయాయి. రాతకూ పలుకుకూ మధ్య దూరం అలా పెరిగింది. కారణం తెలిసిన పిల్లవాడు తనకు తెలివి లేదని అనుకోడు. అది చాలా పెద్ద లాభమని నా నమ్మకం.

2. పాఠ్యపుస్తకాలు లాటిన్, గ్రీకు, గోథిక్ ఉదాహరణలు ఇచ్చి ఊరుకుంటాయి. మన పిల్లల నోటిలో పితృ, పాదం, త్రయం, దశ అనే మాటలు పుట్టుక నుంచీ ఉన్నాయి. వాటి పక్కన ఫాదర్, ఫుట్, త్రీ, టెన్ రాసి చూపిస్తే 1822లో జర్మన్ పండితుడు గ్రిమ్ చెప్పినదేమిటో పది నిమిషాల్లో తెలుస్తుంది. పుస్తకాల్లో సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లు ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయన్న 1786 నాటి విలియం జోన్స్ కలకత్తా ప్రసంగం తప్పనిసరిగా ఉంటుంది. 1816లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి క్యాంబెల్ వేసిన తెలుగు వ్యాకరణపు పీఠికకు తోటి ఉద్యోగి ఎల్లిస్ చేర్చిన గమనిక, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని మద్రాసులో కూర్చుని నిరూపించిన గమనిక, చాలా పుస్తకాల్లో కనిపించదు. మన పందికొక్కు "బ్యాండికూట్" అయి ఇంగ్లీషు నిఘంటువులో చేరిన సంగతీ అంతే.

3. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహార భాష ప్రధానంగా ఇంగ్లీషే. భూమి తగాదాలో తీర్పు కాగితం చేతికొచ్చిన రైతు ఊళ్లో ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన వాడి దగ్గరికే వెళతాడు. ఆ ఎం.ఏ. మనిషికి షేక్‌స్పియర్ తెలుసు గాని, "ప్లెయింటిఫ్" ఫ్రెంచి అని, "డీడ్" ఇంగ్లీషు అని, "ఎఫిడవిట్" లాటిన్ అని తెలియదు. ఇంగ్లండులో కూడా తమ వాదన తమకే తెలియని భాషలో నడుస్తోందని జనం గోలపెడితేనే 1362లో కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని శాసనం చేశారు. వింతేమిటంటే ఆ శాసనాన్ని రాసింది ఫ్రెంచిలోనే. కోర్టు రికార్డులన్నీ ఇంగ్లీషులోకి రావడానికి 1733 దాకా పట్టింది. ఈ చరిత్రను పాతదని తోసేసే ముందు, మన జిల్లా కోర్టు వరండాలో ఒక పూట నిలబడి చూడమని కోరుతున్నాను.

4. ప్రూఫ్ రీడర్లు, డీటీపీ చేసేవారు, సబ్‌టైటిళ్లు రాసేవారు, యాప్‌లకు కథలు చదివేవారు, వీరిలో సగం మంది మన బి.ఏ., ఎం.ఏ. వాళ్లే అని నా పరిచయస్తుల్ని బట్టి చెప్పగలను. కాక్స్‌టన్ 1490లో ఒక ముందుమాటలో ఒక ముచ్చట చెప్పాడు. ఒక వర్తకుడు కెంట్ ప్రాంతంలో ఒక ఇల్లాలిని "ఎగ్స్" అడిగితే, నాకు ఫ్రెంచి రాదు పొమ్మందట. మరొకడు గుడ్లకు అక్కడి మాట "ఐరెన్" వాడి అడిగితే గాని గుడ్లు దొరకలేదు. రెండిట్లో ఏది అచ్చువెయ్యాలని ఆయన తల పట్టుకున్నాడు. సొరకాయ అనాలా, ఆనపకాయ అనాలా అని మన సంపాదకులు ఈనాటికీ పడే తంటా అదే. ఈ ముచ్చట తరగతిలో చెప్పినప్పుడల్లా వెనక బెంచీలు కూడా తల ఎత్తేవి.

5. ప్రచురణ చట్టం మీద దొరికే కొద్ది పుస్తకాలూ మనకు పూర్తిగా పనికిరావు. కొన్ని విదేశీ పద్ధతుల కోసం రాసినవి. ఏజెంట్లు, అడ్వాన్సులు అంటూ సాగుతాయి. సొంత డబ్బుతో ఐదు వందల ప్రతులు వేయించి, సంచీలో పెట్టుకుని సభలకు తిరిగే తెలుగు రచయితకు వాటిలో చోటు లేదు. పిల్లలు అమెరికా మాట "ఫెయిర్ యూజ్" పట్టుకుని ఏదైనా వాడుకోవచ్చని అనుకుంటారు. మన చట్టం 52వ సెక్షన్‌లో చెప్పేది "ఫెయిర్ డీలింగ్". అది ఏయే పనులకు వర్తిస్తుందో చట్టమే చెబుతుంది. మరికొన్ని పుస్తకాలు మనవే గాని పాతబడ్డాయి. మా కళాశాల గ్రంథాలయంలోని ప్రతి ఇప్పటికీ పాఠకుణ్ని కాపీరైట్ బోర్డుకు వెళ్లమంటుంది. ఆ బోర్డు అధికారాలు 2017లో మరో ట్రిబ్యునల్‌కు పోయాయి. 2021లో ఆ ట్రిబ్యునల్ కూడా రద్దయి, హక్కుల బదలాయింపు తగాదాలు వాణిజ్య న్యాయస్థానాలకు చేరాయి. అదే పుస్తకం 1867 నాటి ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం గురించి పదిహేను పేజీలు చెబుతుంది. 2024 మార్చి 1 నుంచి ఆ చట్టమే లేదు. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టం పత్రికలకే గాని పుస్తకాలకు వర్తించదు. పరువు నష్టానికి పాత భారత శిక్షా స్మృతిలోని 499, 500 సెక్షన్లని ఉంటుంది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 356. లేని బోర్డుకు అర్జీ రాసుకునే రచయితను చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు.

6. కళాశాల గేటు పక్క జిరాక్సు దుకాణం వాడికీ ఇది జీవన్మరణ సమస్యే. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని ఒక ఫొటోకాపీ దుకాణం మీద ముగ్గురు పెద్ద విదేశీ ప్రచురణకర్తలు 2012లో దావా వేశారు. బోధన కోసం సిలబస్ ప్రకారం కలిపి తీసిన నకళ్లు 52వ సెక్షన్ మినహాయింపు కిందికి వస్తాయని ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరు 16న చెప్పింది. ఆ డిసెంబరులో అదే హైకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సూత్రాన్ని ఒప్పుకుని, ఆ నకళ్లు బోధనకు నిజంగా అవసరమా అన్న అంశం మాత్రం మళ్లీ విచారించమంది. 2017లో ప్రచురణకర్తలు దావా వదులుకున్నారు. అంతమాత్రాన మొత్తం పుస్తకాన్ని జిరాక్సు తీసి బజారులో అమ్మడం ఒప్పు కాదు. ఈ తేడా మన అధ్యాపకులకే తెలియకపోతే, ఆ దుకాణం కుర్రాడికి ఎవరు చెబుతారు?

7. రచయిత పోయాక ఎన్నేళ్లకు ఆయన రచన అందరిదవుతుందో తెలియక రెండు రకాల నష్టం జరుగుతోంది. మన దేశంలో రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. 1962లో కన్నుమూసిన గోపీచంద్ జీవించి ఉండగా వెలువరించిన రచనలను 2023 జనవరి 1 నుంచి ఎవరైనా అచ్చువేయవచ్చు, పిల్లల కోసం శబ్ద రూపంలో చదవవచ్చు. ఆ సంగతి తెలియక వెనకాడేవారున్నారు. 1979లో పోయిన చలం రచనలకు 2039 చివరి వరకు, 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి వరకు హక్కులు అమలులో ఉంటాయి. ఆ సంగతి తెలియక పీడీఎఫ్‌లు పంచేవారు అంతకంటే ఎక్కువ మంది. పంచేవారిలో అధ్యాపకులే ముందున్నారని సిగ్గుపడుతూ చెబుతున్నాను.

8. కాపీరైట్ రావాలంటే రిజిస్టరు చేయించాలనే అపోహతో ఏజెంట్ల చేతిలో డబ్బు పోసిన కవులు నాకు తెలుసు. రచన రాయగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఇక తమ వాదనకు వస్తాను. ఉద్యోగాలకు సంభాషణ నైపుణ్యాలు కావాలన్న మాట కాదనను. భాషా చరిత్ర పేపరు ఇప్పుడున్న తీరులో నీరసంగానే ఉందన్నది కూడా నిజమే. నేను చెప్పిన కాలంలో ప్రశ్నపత్రం చూడకుండా ప్రశ్నలు చెప్పగలిగేవాణ్ని, పిల్లలూ చెప్పగలిగేవారు. కాని బావిలో పూడిక పడితే పూడిక తీయిస్తాం, బావిని కప్పెట్టం. ప్రచురణ చట్టం లా కాలేజీ వాళ్ల పని అన్న మాటకు మాత్రం ఒప్పుకోలేను. లా చదివినవాడు తగాదా వచ్చాక వస్తాడు. సంతకం పెట్టేది సాహిత్యం చదివినవాడు.

అందుచేత ఈ క్రింది కోర్కెలను తమ తదుపరి సమావేశపు ఎజెండాలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

1. ఎం.ఏ. ఇంగ్లీషులో భాషా చరిత్ర పేపరును తప్పనిసరిగానే ఉంచాలి. ఐచ్ఛికం చేసే ప్రతిపాదన ఉంటే, కారణాలతో సహా ముందుగా ప్రకటించి అభిప్రాయాలు తీసుకోవాలి.

2. సంస్కృత, తెలుగు ఉదాహరణలతో, మన దేశంలో ఇంగ్లీషు నడిచిన దారితో కలిపి కొత్త పాఠ్యపుస్తకం రాయించాలి. అందులో ఒక అగ్రిమెంటు, ఒక వీలునామా, ఒక తీర్పు పేజీ యథాతథంగా ఉండాలి. పరీక్షలో వ్యాసానికి బదులు ఒక క్లాజు ఇచ్చి, దాన్ని మాట మాటా విప్పి తెలుగులో చెప్పమనాలి.

3. ఎం.ఏ. ఇంగ్లీషు, ఎం.ఏ. తెలుగు, జర్నలిజం విద్యార్థులకు ఉమ్మడిగా ప్రచురణ చట్టం మీద ఒక చిన్న పేపరు ప్రవేశపెట్టాలి. చెప్పడానికి లా కాలేజీ అధ్యాపకుణ్ని, ఒక ప్రచురణకర్తను, ఒక అనువాదకుణ్ని పిలిచినా చాలు, కొత్త ఉద్యోగాలు అక్కరలేదు.

4. తెలుగు అకాడమి వారు కాపీరైట్ చట్టానికి వ్యాఖ్యతో కూడిన తెలుగు పుస్తకాన్ని వంద, నూట యాభై రూపాయల లోపు ధరకు అచ్చువేయాలి. ఏ తేదీ వరకు ఉన్న చట్టమో అట్ట మీదే వేయాలి. ఏటా సవరణల కరపత్రం వెలువరించాలి. ఇది చెయ్యకపోతే మిగతావన్నీ చేసినా ఐదేళ్లలో మళ్లీ లేని బోర్డుల దగ్గరికే వెళతాం.

5. అదే పుస్తకం చివర తెలుగులో నమూనా ఒప్పందాలు రెండు ఇవ్వాలి, ఒకటి రచయితకు, ఒకటి అనువాదకుడికి. కాలం, ప్రాంతం, రాయల్టీ, ఈబుక్, శబ్ద పుస్తకం గడులు అందులో ఖాళీగా ఉండి, నింపమని అడగాలి.

6. చూపు లేని విద్యార్థులకు ఈ పుస్తకాలు మొదటి రోజు నుంచే చదవగలిగే రూపంలో అందాలి. దానికి 2012 కాపీరైట్ సవరణ చట్టంలోనే వీలు కల్పించింది, కొత్త అనుమతి అక్కరలేదు.

7. నా రెండు విజ్ఞాపనలకూ లిఖితపూర్వకమైన జవాబు ఇవ్వాలి. కాదనదలచుకుంటే కాదనే రాయండి, కారణం మాత్రం రాయండి.

అగ్రిమెంటు వాక్యాలను తెలుగులో విప్పిచెప్పే పాఠాలు పన్నెండు నేను తయారుచేసి ఉంచాను. వాటిని ఏ విశ్వవిద్యాలయమైనా ఉచితంగా వాడుకోవచ్చు. అనుమతి ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, ఏ రూపాలకు అన్నది మాత్రం కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను. విజ్ఞాపనల నకళ్లు, మొదటిదాని పోస్టల్ రసీదు నకలు ఈ లేఖకు జతచేస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు